తలుపు దగ్గర ఐదు డాలర్లు

(ఉత్తర వర్జీనియాలో ఒక తెలుగు సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు నమస్కారం. ఈ నెల ఆహ్వానంలో నా అంశాన్ని “ఒక అమెరికన్ గాయకుడి జీవితం” అని మాత్రమే ప్రకటించారు కనుక, మీలో కొందరు బాబ్ డిలన్ గురించి వినబోతున్నామనుకుని వచ్చి ఉండవచ్చు. నేను మాట్లాడబోయే వ్యక్తి పేరు ఇయన్ మకాయ్. ఆయన మనం కూర్చున్న ఈ హాలుకు అరగంట దూరంలో, వాషింగ్టన్ నగరంలో, 1962 ఏప్రిల్ 16న పుట్టారు. ఆ ఊరినే అంటిపెట్టుకుని నలభై ఏళ్లకు పైగా పాడుతూ, రికార్డులు వేస్తూ వచ్చారు. ఆయన రికార్డు సంస్థ నడిచింది పోటోమాక్ నదికి ఇవతల, ఆర్లింగ్టన్‌లో. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను ఆ ఆర్లింగ్టన్‌లోనే నాలుగేళ్లు అద్దెకున్నాను. ఎక్కడెక్కడి దేశాల కుర్రాళ్లో ఉత్తరాలు రాసి రికార్డులు తెప్పించుకునే ఇల్లొకటి నేనున్న ఊళ్లోనే ఉందని తెలియడానికి నాకు మరో పదేళ్లు పట్టింది.

ఆయన పాడిన సంగీతాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. 1970ల మధ్యలో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ రూపుదిద్దుకున్న పంక్ అనే మొరటు రాక్ సంగీతాన్ని తీసుకుని, దాని వేగాన్ని రెట్టింపు చేసి, అందులో ఇంకా అంటుకుని ఉన్న కాస్త అలంకారాన్నీ ఒలిచేస్తే మిగిలేది హార్డ్‌కోర్. 1980 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోనూ వాషింగ్టన్‌లోనూ ఇది బలపడింది. ఇందులో నిమిషం దాటిన పాట పెద్ద పాట కింద లెక్క. గిటార్ వాద్యకారుడు తన పనితనం చూపించుకోవడానికి విరామం ఉండదు. గాయకుడు పాడడు, అరుస్తాడు. మకాయ్ అరుపులో విశేషమేమిటంటే, పాట ఎంత వేగంగా పరిగెత్తుతున్నా ఒక్కొక్క మాట తెగి విడివిడిగా చెవిన పడుతుంది. కోపంలో ఉన్న మనిషి అక్షరం కూడా మింగకుండా పోట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు గురించి చెప్పవలసింది దాదాపు ఇంతే.

నన్ను పట్టి నిలిపిన విషయం వేరే. సంగీతం జరిగే ప్రతి గదికీ ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి, ఎవరిని లోపలికి పంపాలో, ఎంత తీసుకుని పంపాలో తేలుస్తుంటాడు. సంగీత చరిత్రలు రాసేవారు వేదిక మీద జరిగినదంతా రాస్తారు కాని ఆ తలుపు దగ్గర జరిగే వ్యవహారాన్ని సాధారణంగా వదిలేస్తారు. మకాయ్ కుర్రతనం నుంచీ ఆ తలుపు గురించే ఆలోచించారని, ఆయన చేసిన పనులన్నీ ఆ ఒక్క ఆలోచనకు వేసిన కొమ్మలేనని నా అభిప్రాయం. మీరు అంగీకరించనక్కరలేదు, వినండి.

ఆయన తండ్రి వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో మత విషయాలు రాసిన పాత్రికేయుడు. కుటుంబం సెయింట్ స్టీఫెన్స్ అనే ఎపిస్కోపల్ చర్చికి వెళ్లేది. అది పౌరహక్కుల ఉద్యమానికీ యుద్ధ వ్యతిరేక ఉద్యమానికీ గదులిచ్చిన చర్చి. ఆదివారం ప్రార్థనల్లోకి రాక్ సంగీతాన్ని రానిచ్చిన చర్చి. తరువాతి కాలంలో మకాయ్ బృందం కచేరీలు అనేకం ఆ చర్చిలోనే జరిగాయి. గ్లోవర్ పార్క్ పేటలో పెరుగుతున్నప్పుడు ఆయనకు దొరికిన ప్రాణ స్నేహితుడు హెన్రీ గార్‌ఫీల్డ్. ఇద్దరూ స్కేట్‌బోర్డుల మీద ఊరంతా తిరిగేవారు. ఆ హెన్రీయే 1981లో జార్జ్‌టౌన్‌లోని ఐస్‌క్రీమ్ దుకాణంలో మేనేజరు ఉద్యోగం వదిలి, కాలిఫోర్నియాకు చెందిన బ్లాక్ ఫ్లాగ్ బృందానికి గాయకుడై, హెన్రీ రోలిన్స్ అన్న పేరుతో ప్రపంచానికి తెలిశాడు. ఒకే పేట నుంచి ఇద్దరు రావడం వింతే గాని, నా దృష్టి మొదటివాడి మీద ఉంది.

మకాయ్‌కి పన్నెండు, పదమూడేళ్ల వయసులో తండ్రి చదువు నిమిత్తం కుటుంబం కొన్ని నెలలు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పాత స్నేహితులు కొందరు తాగుడూ గంజాయీ మొదలుపెట్టి కనిపించారు. ఆ అలవాటు ఆయనకు ఎక్కలేదు. అప్పట్లో ఆయన అభిమాన గిటార్ వాద్యకారుడు టెడ్ న్యూజెంట్; కారణం, ఆ న్యూజెంట్ మందూ మాదకద్రవ్యాలూ ముట్టనని గట్టిగా చెప్పుకునేవాడు. తరువాతి కాలంలో వీరిద్దరి రాజకీయాలు ఎంత దూరం జరిగాయో తెలిసినవారికి ఇది నవ్వు తెప్పిస్తుంది.

1979 ఫిబ్రవరి 3న జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో క్రాంప్స్ అనే బృందం కచేరీ జరిగింది. అది విద్యార్థుల రేడియో కేంద్రానికి మద్దతుగా పెట్టిన కచేరీ. ఆ కేంద్రం ప్రసారాలు యాజమాన్యానికి కంటగింపు కావడంతో, దాని ప్రసార హక్కును మరో విశ్వవిద్యాలయానికి ఒక్క డాలరుకు అప్పగించేశారు. ఒక డాలరుకు అమ్ముడుపోయిన రేడియో కోసం జరిగిన ఆ సభలో పదహారేళ్ల మకాయ్ మొదటిసారి పంక్ సంగీతాన్ని ఎదురుగా విన్నారు. మరి కొద్ది నెలలకు బ్యాడ్ బ్రెయిన్స్ అనే బృందాన్ని విన్నారు. వారు నలుగురూ నల్లజాతి యువకులు. జాజ్‌నూ రాక్‌నూ కలిపిన జాజ్ ఫ్యూజన్ వాయించుకుంటూ పంక్‌లోకి వచ్చినవారు కావడంతో వేగంలోనూ కట్టుబాటులోనూ వారికి సాటి లేరు. అమెరికన్ హార్డ్‌కోర్‌ను తెల్ల కుర్రాళ్ల వ్యవహారంగా చెప్పే కథలు చాలా ఉన్నాయి గాని, వాషింగ్టన్‌లో ఆ పాఠం నేర్పిన గురువులు ఈ నలుగురే. మకాయ్ ఆ రుణాన్ని ఎప్పుడూ దాచుకోలేదు.

ఆయన మొదట చెప్పుకోదగ్గ బృందం టీన్ ఐడిల్స్. అందులో ఆయన గాయకుడు కాదు, బేస్ గిటార్ వాయించేవారు. 1980 వేసవిలో ఈ బడిపిల్లలు బస్సెక్కి దేశానికి ఆ చివరనున్న కాలిఫోర్నియాకు వెళ్లారు. శాన్ ఫ్రాన్సిస్కోలో మబుహే గార్డెన్స్ అనే క్లబ్బు వారికి కొత్త విషయమొకటి చూపించింది. మందు అమ్మే చోట మైనర్లను రానివ్వడానికి ఆ క్లబ్బువారు ఒక ఉపాయం పాటించేవారు: తాగే వయసు లేనివారి చేతుల మీద మార్కర్ పెన్నుతో పెద్ద ఇంటూ గుర్తు గీస్తారు, ఆ గుర్తున్న చేతికి మందు పొయ్యరు. వాషింగ్టన్‌కు తిరిగి వచ్చాక కుర్రాళ్లు ఎఫ్ వీధిలో కొత్తగా తెరిచిన 9:30 క్లబ్బు వారి దగ్గరికి వెళ్లి, మా చేతుల మీద ఈ గుర్తు వేసి మమ్మల్ని లోపలికి రానివ్వండి, మాలో ఒక్కడు తాగుతూ దొరికినా మా అందరినీ శాశ్వతంగా బహిష్కరించండి అని బేరం పెట్టారు. బేరం కుదిరింది.

ఈ సంఘటన దగ్గర కాసేపు ఆగుతాను. ఈ ఇంటూ గుర్తు తరువాత మత్తుకు దూరంగా ఉండేవారి ఉద్యమానికి పతాకమైంది. జనం దాన్ని పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. దాని పేరు మీద కొట్లాటలు కూడా జరిగాయి. కాని పుట్టినప్పుడు దానికి ఏ సిద్ధాంతమూ లేదు. అది కేవలం ప్రవేశపత్రం. సంగీతం వినడానికి మందు అమ్మకం ఎందుకు అడ్డు రావాలి అన్న చిన్న ప్రశ్నకు పిల్లలు కనిపెట్టిన జవాబు. బారు యజమాని దృష్టిలో కచేరీ అనేది మందు అమ్ముకోవడానికి పెట్టిన ఆకర్షణ. ఆ లెక్కలో తాగని శ్రోత దండగ శ్రోత. మకాయ్ ఆ లెక్కనే తిరగేశారు.

1980 చివరికి టీన్ ఐడిల్స్ విడిపోయింది. కచేరీల మీద వచ్చిన డబ్బును పంచుకోకుండా ఒక చుట్టల పెట్టెలో వేస్తూ వచ్చారు గనుక, చివరికి అందులో సుమారు 600 డాలర్లు తేలాయి. తలా నూట యాభై తీసుకుని పోవచ్చు. అలా కాకుండా, అప్పటికే పనికి ముగింపు పలికిన బృందం పాటలను ఏడు అంగుళాల రికార్డుగా అచ్చు వేయించాలని నిర్ణయించారు. నగర శివారులో రికార్డుల దుకాణం నడిపే స్కిప్ గ్రాఫ్ దారి చూపించారు. ఆర్లింగ్టన్‌లో తన ఇంటి నేలమాళిగలో రికార్డింగు గది పెట్టుకున్న డాన్ జియెంటారా ఆ పాటలను అంతకుముందే రికార్డు చేశారు. వెయ్యి కాపీలు. అట్టలకు డబ్బు చాలలేదు. ఏదో పాత రికార్డు అట్టను విప్పి, పరిచి, ఆ ఆకారాన్ని కాగితం మీదికి దించుకుని, ఆ ప్రకారం అచ్చైన కాగితాలను స్నేహితులంతా కూర్చుని కత్తిరించి, మడిచి, జిగురు పెట్టారు. అట్ట మీద బొమ్మ: ఇంటూ గుర్తులు గీసిన రెండు చేతులు. ఆ సంస్థకు డిస్‌కార్డ్ అని పేరు పెట్టారు. ఆ వెయ్యీ అమ్ముడైతే వచ్చే డబ్బుతో మరో స్నేహితుల బృందం రికార్డు వెయ్యాలని అనుకున్నారు, అలాగే చేశారు. మకాయ్, డ్రమ్ము వాయించే జెఫ్ నెల్సన్ కలిసి నడిపిన ఆ సంస్థ నేటికీ ఉంది. ఎవరితోనూ రాతపూర్వక ఒప్పందం ఉండదు, నోటిమాటే. వాషింగ్టన్ పరిసరాల బృందాల రికార్డులే వేస్తుంది. ఖర్చులు పోగా మిగిలినది బృందంతో పంచుకుంటుంది. మన వ్యాపార వర్గాలకు నోటిమాట మీద లక్షలు చేతులు మారడం కొత్త కాదు గాని, అమెరికన్ సంగీత పరిశ్రమ లాయర్ల కాగితాల మీద నడిచే పరిశ్రమ. అందులో నాలుగు దశాబ్దాలు ఇలా నెగ్గుకురావడం మామూలు విషయం కాదు.

ఇక మైనర్ థ్రెట్. 1980 డిసెంబరులో మొదలై 1983 సెప్టెంబరులో ముగిసిన బృందం. అందులో మధ్యన కొన్ని నెలలు బృందమే లేదు. మకాయ్ మొదటిసారి మైకు ముందుకు వచ్చింది ఇందులోనే. లైల్ ప్రెస్లర్ గిటార్, బ్రయన్ బేకర్ బేస్, నెల్సన్ డ్రమ్స్. వారి సంగీతమంతా కలిపి 26 పాటలు. ఒక్క సీడీలో ముప్పాతిక గంటకు కాస్త అటుఇటుగా అయిపోతుంది. 1981లో వచ్చిన మొదటి రికార్డులో ఎనిమిది పాటలు. అట్ట మీద మెట్ల మీద తల వంచుకుని కూర్చున్న బోడిగుండు కుర్రవాడి ఫొటో ఉంటుంది. అతను మకాయ్ తమ్ముడు అలెక్, అతనూ గాయకుడే. ఆ ఎనిమిదింటిలో 46 సెకన్ల పాట ఒకటి ఉంది. దాని పేరు “స్ట్రెయిట్ ఎడ్జ్”.

పాట సారాంశం చాలా మామూలుది: నేనూ మీలాంటి మనిషినే, కాని మత్తులో మునిగి కూర్చోవడం కంటే చేయవలసిన పనులు నాకున్నాయి. పాటలో ఎవరికీ ఆదేశం లేదు. కాని అదే సంవత్సరం వేసిన రెండో రికార్డులో “అవుట్ ఆఫ్ స్టెప్” అనే పాట వచ్చింది; అక్కడ గొడవ మొదలైంది. అందులో మూడు నిషేధాలు వరుసగా ఉంటాయి: పొగ, మందు, విచ్చలవిడి శృంగారం. మకాయ్ వాక్యాల్లో “నేను” అన్న కర్తను వదిలేసి రాశారు. ఇంగ్లీషులో కర్తను తీసేస్తే “నేను తాగను” అన్న వాక్యానికీ “నువ్వు తాగకు” అన్న వాక్యానికీ తేడా మాయమైపోతుంది; రెండింటికీ ఒకే రూపం. ఆయన తన సంగతి చెప్పుకున్నారు. విన్నవాళ్లకు అది శాసనంగా వినిపించింది. డ్రమ్ముల మీదున్న నెల్సన్‌కే ఇది నచ్చలేదు. ఆయన మద్యం పూర్తిగా మానినవాడు కాదు. తమ బృందం ఊరందరికీ నీతులు చెప్పడమేమిటని తగువు పెట్టుకున్నాడు. చివరికి రాజీగా, అచ్చు వేసిన సాహిత్యంలో “నేను” అన్న మాటను కుండలీకరణాల్లో పెట్టారు. 1983లో అదే పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు మకాయ్ మధ్యలో పాడటం ఆపి, ఇవి నియమాలు కావు, ఎవరూ ఏం చెయ్యాలో నేను చెప్పడం లేదు అని మామూలు గొంతుతో వివరణ ఇచ్చుకున్నారు.

సాహిత్య సమావేశం కాబట్టి అంటున్నాను: ఈ పాట తెలుగులో రాసి ఉంటే ఈ తగువే పుట్టేది కాదు. మన క్రియాపదం తన కర్తను తన తోకలోనే మోసుకుని తిరుగుతుంది. “తాగను” అంటే ప్రతిజ్ఞ, “తాగకు” అంటే శాసనం, “తాగం” అంటే సంఘం. మూడింటికీ మధ్య ఒక్క అక్షరం తేడా. మకాయ్ ఉద్దేశించినది మొదటిది. బోస్టన్‌లో వారిని ఆరాధించిన కుర్రాళ్లు విన్నది రెండోది. మరో పదేళ్లకు దేశమంతటా తయారైనది మూడోది. 1990ల నాటికి స్ట్రెయిట్ ఎడ్జ్ అన్న పేరుతో శాకాహారం, జంతు హక్కులు, కొన్ని చోట్ల సిగరెట్ కాల్చేవాళ్లను కొట్టడం వరకూ వెళ్లిన గుంపులు పుట్టాయి. మరో దారి కూడా పట్టింది: యూత్ ఆఫ్ టుడే అనే స్ట్రెయిట్ ఎడ్జ్ బృందంలో పాడిన రే కాపో ఇస్కాన్ భక్తుడై, షెల్టర్ అన్న బృందం పెట్టి, హార్డ్‌కోర్ వేగంతోనే కృష్ణ భక్తి ప్రచారం చేశాడు. వాషింగ్టన్ క్లబ్బు తలుపు దగ్గర మొదలైన ఇంటూ గుర్తు చివరికి హరేకృష్ణ కీర్తన దాకా నడిచింది! మకాయ్ మాత్రం తాను ఉద్యమమేదీ స్థాపించలేదని, ఒక పాట రాశానని మాత్రమే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఆయన మాట నిజమే గాని, కర్తను వదిలేసింది మాత్రం ఆయనే.

ఆయన్ను పొగడడానికి నేను రాలేదు కనుక ఇంకొక పాట సంగతి కూడా చెప్పాలి. “గిల్టీ ఆఫ్ బీయింగ్ వైట్” అనే పాటను ఆయన తాను చదివిన హైస్కూలు అనుభవం మీద రాశారు. నల్లజాతి విద్యార్థులు అధిక సంఖ్యలో ఉన్న బడిలో, పూర్వీకుల నేరాలకు తాను దెబ్బలు తినవలసి వచ్చిందన్న కుర్రవాడి ఉక్రోషం అది. తన పాట జాతి వివక్షకు వ్యతిరేకమేనని ఆయన చెబుతారు. ఆయన తరువాతి జీవితం ఆ మాటకు సాక్ష్యం కూడా. కాని తెల్లతనపు అహంకారులు ఆ పాటను తమ పాటగా తీసుకున్నారు. 1996లో స్లేయర్ అనే మెటల్ బృందం దాన్ని మళ్లీ పాడుతూ చివరి మాటను మార్చితే మకాయ్‌కి అసహ్యం వేసింది. ఈ దేశంలో రంగు కారణంగా వేరే వరుసలో నిలబడిన అనుభవం ఉన్న నాలాంటివాడు ఆ పాట వింటే, రాసినవాడి ఉద్దేశం తెలిసి కూడా, ఒళ్లు బిగుసుకుంటుంది. పంతొమ్మిదేళ్ల వయసు చూసే మేర దాటి అది చూడదు.

మైనర్ థ్రెట్ పేరు పెరిగిన కొద్దీ పెద్ద సంస్థలతో ఒప్పందం చేసుకుందామని కొందరు, వద్దని మకాయ్ లాగడంతో బృందం తెగిపోయింది. చివరి కచేరీ 1983 సెప్టెంబరు 23న జరిగింది. ఆ రోజు అదే వేదిక మీద ట్రబుల్ ఫంక్ కూడా వాయించింది. ట్రబుల్ ఫంక్ అంటే గో-గో బృందం. గో-గో అంటే వాషింగ్టన్ నల్లజాతి పేటల సొంత నాట్య సంగీతం. ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి ఇంటికి ఒకరు వెళ్లని రెండు సంగీతాలను ఒక టికెట్ మీద కూర్చోబెట్టే ప్రయత్నం అది.

ఆ తరువాత రెండేళ్లలో హార్డ్‌కోర్ కచేరీలు పాడైపోయాయి. బలమైన కుర్రాళ్లు కొట్టుకోవడానికి వచ్చే చోటుగా మారాయి; అమ్మాయిలు రావడం మానేశారు. అంటే తలుపు తెరిచే ఉన్నా, లోపల ఉన్నవాళ్లే మిగతావారిని బయటికి నెడుతున్నారన్నమాట. 1985 వేసవిలో వాషింగ్టన్ కుర్రాళ్లు దీనికి జవాబుగా కొత్త బృందాలు పెట్టుకున్నారు. ఎమీ పికరింగ్ అనే యువతి పేర్లు లేని చీటీలు పంచి ఆ కాలానికి “రివల్యూషన్ సమ్మర్” అన్న పేరు తగిలించింది. దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు డ్రమ్ములూ డబ్బాలూ మోగిస్తూ వర్ణవివక్షకు నిరసన తెలిపారు. మకాయ్ ఎంబ్రేస్ అనే బృందంతో, తన తప్పులను తానే తవ్వుకునే పాటలు పాడారు. ఆ బృందం ఏడాది కూడా నిలవలేదు.

1987లో వచ్చిన ఫుగాజీ నిలిచింది. జో లాలీ బేస్, బ్రెండన్ కాంటీ డ్రమ్స్, తరువాత వచ్చి చేరిన గై పిచోటో రెండో గాయకుడు. మొదటి కచేరీ ఆ ఏడు సెప్టెంబరు 3న. 2002 నవంబరులో లండన్‌లో చివరి కచేరీ. మధ్యలో అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇంకా అనేక దేశాల్లోనూ వెయ్యికి పైగా కచేరీలు. సంగీతం కూడా మారింది: వేగం తగ్గింది, జమైకా డబ్ సంగీతం నుంచి నేర్చుకున్న ఖాళీ లోపలికి వచ్చింది. “వెయిటింగ్ రూమ్” అనే పాట మొదలైన కాసేపటికే అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం ముగిసి మళ్లీ అందుకునేసరికి హాలంతా గాలిలోకి లేస్తుంది. “సజెషన్” అనే పాటలో మకాయ్ వీధిలో నడుస్తున్న స్త్రీగా, మగవాళ్ల చూపుల కింద తన ఒళ్లు తనది కాకుండా పోవడం గురించి పాడారు. మగవాడు ఆ మాట పాడవచ్చా అని అప్పుడే కొందరు ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. కాని ముందు వరుసలో ఒకరినొకరు తోసుకుంటున్న వందమంది మగపిల్లలకు అది ఎదురుగా నిలబడి వినిపించవలసిన పాట అని నాకు అనిపిస్తుంది.

ఫుగాజీ టికెట్ ఐదు డాలర్లు. చాలాకాలానికి గాని అది ఆరుకో ఏడుకో చేరలేదు. ఏ వయసువారికైనా ప్రవేశం. ఈ రెండు షరతులకు ఒప్పుకుంటేనే కచేరీ. ఇది త్యాగం అనుకుంటే పొరపాటు, ఇది లెక్క. వారికి మేనేజరు లేడు. కచేరీలు కుదిర్చే ఏజెంటు లేడు. మకాయ్ తానే ఫోను పట్టుకుని ఊరూరా మాట్లాడి తేదీలు కుదుర్చుకునేవారు. సొంత వ్యాను, తెలిసినవారి ఇళ్లలో పడక, చేతిలో పట్టేంత సిబ్బంది. శాతాలు తినిపోయే మనుషులు మధ్యలో లేకపోతే ఐదు డాలర్ల మీద కూడా నలుగురూ ఇల్లు గడుపుకోవచ్చునని వారు పదిహేనేళ్లు చేసి చూపించారు. క్లబ్బు ఒప్పుకోకపోతే చర్చి హాలు, కళాశాల జిమ్, సంఘం గది. చొక్కాలూ టోపీలూ అమ్మలేదు. వారి పేరుతో ఎవరెవరో దొంగ చొక్కాలు వేసి అమ్మితే, చివరికి “ఇది ఫుగాజీ చొక్కా కాదు” అని అచ్చు వేసిన చొక్కా కూడా బజారులోకి వచ్చింది. రికార్డు అట్ట మీద ధర అచ్చు వేసేవారు, దుకాణదారు పెంచి అమ్మకుండా.

ఆ ఐదు డాలర్లకు ఇంకో ప్రయోజనం కూడా ఉండేది. ఎవడైనా తోటివారిని కొడుతుంటే పాట ఆపేసి, వాడిని బయటికి పంపించి, వాడి ఐదు డాలర్లు వాడికి తిరిగి ఇచ్చేసేవారు. అందుకోసం కవర్లలో డబ్బు ముందే సిద్ధంగా ఉంచుకునేవారు. మకాయ్ వేదిక మీద నుంచి ఆ కుర్రవాడిని “అయ్యా, దయచేసి ఆపుతారా” అన్న ధోరణిలో ఎంతో మర్యాదగా సంబోధించేవారు. కొట్టడానికి వచ్చినవాడికి కొట్టడమే తెలుసు, మర్యాదకు జవాబు తెలియదు. జెమ్ కోహెన్ తీసిన ఫుగాజీ డాక్యుమెంటరీలో గై పిచోటో ఇంకో పద్ధతి పాటిస్తాడు: ఇందాక నువ్వు చిన్నపిల్లాడిలా ఐస్‌క్రీమ్ తింటుంటే చూశాను, ఇక్కడికొచ్చి వీరుడిలా పోజులా అని అందరిముందూ పరువు తీస్తాడు. ఏది మెరుగైన పద్ధతో నేను తేల్చుకోలేకపోయాను.

మీలో లోర్టన్ వైపు ఉన్నవారు చాలామంది ఉన్నారు. అక్కడికి దగ్గర్లోని దుర్గ గుడికి మనమంతా వెళ్తుంటాం. 2001లో మూతపడే దాకా లోర్టన్ అంటే ఈ ప్రాంతంలో జైలని అర్థం. వాషింగ్టన్ ఖైదీలను అక్కడే ఉంచేవారు. 1990 డిసెంబరులో, క్రిస్మస్ మర్నాడు, ఫుగాజీ ఆ జైల్లో కచేరీ చేసింది. బయటికి రాలేని శ్రోతల కోసం బృందమే తలుపు దాటి లోపలికి వెళ్లింది. ఖైదీల్లో చాలామందికి ఆ సంగీతం తలకెక్కలేదు. పైగా బయటి హాళ్లలో పనికొచ్చే ధీమా ఏదీ అక్కడ పనికిరాదు. మరి రెండు వారాలకు, 1991 జనవరి 12న, గల్ఫ్ యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఎముకలు కొరికే చలిలో వారు శ్వేతసౌధం ఎదుట పార్కులో ఉచితంగా వాయించారు. ఇలాంటి కచేరీలను చాలామటుకు పాజిటివ్ ఫోర్స్ అనే స్థానిక యువజన సంఘం ఏర్పాటు చేసేది. ఇల్లు లేనివారికీ, ఆసుపత్రులకూ, అద్దెదారుల పోరాటాలకూ ఆ రాబడి వెళ్లేది.

పెద్ద సంస్థలు వెంటపడకపోలేదు. 1993లో న్యూయార్క్‌లో కచేరీ అయ్యాక అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకరైన ఆమెట్ ఎర్టెగన్ స్వయంగా తెరవెనుక గదికి వచ్చి, ఏం కావాలంటే అది ఇస్తానన్నారు. రే చార్లెస్ రికార్డులు వేసిన మనిషి. టర్కీ రాయబారి కొడుకుగా ఆయన కూడా వాషింగ్టన్‌లోనే పెరిగి, నల్లజాతి పేటల నాటకశాలల్లో జాజ్ విని సంగీతం పిచ్చిలో పడినవాడు. ఇద్దరు వాషింగ్టన్‌వాళ్లు ముచ్చటగా మాట్లాడుకున్నారు, మకాయ్ వద్దన్నారు. 2005లో నైకీ సంస్థ తన స్కేట్‌బోర్డు ప్రచారానికి మైనర్ థ్రెట్ మొదటి రికార్డు అట్టను అనుకరించి, ఆ మెట్ల మీద కుర్రవాడి బూట్ల స్థానంలో తన బూట్లు పెట్టి పోస్టరు వేసింది. గగ్గోలు పుట్టాక క్షమాపణ చెప్పి తీసేసింది.

ఫుగాజీ ఆగాక మకాయ్ తన భార్య, డ్రమ్ము వాద్యకారిణి ఎమీ ఫరీనాతో కలిసి ఈవెన్స్ అనే జంట బృందం నడిపారు. సొంతంగా చిన్న స్పీకర్లూ దీపాలూ వెంట తెచ్చుకుని గ్రంథాలయాల్లోనూ చిన్న గదుల్లోనూ కూర్చుని వాయించేవారు. ఎక్కడైనా అందరూ రాగలిగిన చోటే. జో లాలీ కూడా చేరాక కొరికీ అన్న పేరుతో 2020లో ఒక రికార్డు వేశారు. ఆ పాటల్లో అరుపు తగ్గింది. అరవై దగ్గరపడిన మనిషి గొంతు అది. నాకు మాత్రం ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఫుగాజీ కచేరీల్లో 800కు పైగా టేపుల మీద రికార్డై ఉన్నాయి. 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చారు. మొదలుపెట్టినప్పుడు ఒక్కో కచేరీకి పెట్టిన ధర, అనుకున్నట్టే, ఐదు డాలర్లు. ఇష్టమైతే ఒక డాలరు నుంచి వంద డాలర్ల వరకూ ఎంతైనా ఇవ్వవచ్చన్నారు. ప్రతి కచేరీకి ఒక పుట ఉంటుంది. అందులో తేదీ, ఊరు, హాలు పేరు, వచ్చిన జనం సంఖ్య, వీటితోపాటు తలుపు దగ్గర వసూలు చేసిన టికెట్ ధర కూడా రాసి పెట్టారు. సంగీత చరిత్రలో ఆ చివరి గడి పెట్టిన వాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. వాషింగ్టన్ మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయంలో నగర పంక్ చరిత్ర కోసం 2014 నుంచి ప్రత్యేకంగా ఒక భాండాగారం నడుస్తోంది. ఆనాటి కరపత్రాలూ రికార్డులూ అక్కడ ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు, మెట్రో దిగి నడిచిపోవచ్చు.

ఇప్పుడు నేను చెప్పిన ఆ 46 సెకన్ల పాట వినిపిస్తాను. ఆ తరువాత ప్రశ్నలకు సమయం ఉంది. శబ్దం కొంచెం తగ్గించే ఉంచాను. చెవులు మూసుకోదలచుకున్న పెద్దలు మూసుకోవచ్చు. వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.